నలభై తొమ్మిదో వారం గుడ్డ

పెద్దాయన పోయాడని రేడియో చెప్పిన మూడో రోజున, అదోబో బజారులో అకూ అవ్వ నవ్వింది. నవ్విందని జవాన్లు అన్నారు. నిజానికి ఆమె నవ్వలేదు. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి మూతి ఎడమ పక్కకి లాక్కుపోయింది. అప్పటినుంచి ఏడ్చినా, తిట్టినా, కునుకు తీసినా ఆ ముసలామె ముఖం నవ్వుతున్నట్టే ఉంటుంది. బజారులో అందరికీ తెలిసిన సంగతే. ఏడ్చే ఆడవాళ్ళను టీవీ కోసం వరసగా నిలబెడుతున్న జవానుకి మాత్రం తెలియదు. తెలుసుకునే అవసరం అతనికి ఏ రోజూ పడలేదు.

"దేశానికి తండ్రి పోతే పళ్ళికిలిస్తావేం ముసలీ?" అంటూ పొయ్యి మీది బాణలిని బూటుకాలితో తన్నాడు. మరిగే నూనె, అందులో వేగుతున్న పెండలం ముక్కలు, అన్నీ కలిసి ఆమె కుడిపాదం మీద పడ్డాయి. ఆమె కేక పెట్టింది. కేక పెట్టినా మూతి అలాగే ఉంది. అందుకని ఇంకో దెబ్బ వేశాడు.

రెండువందల మంది ఆడవాళ్ళు చూశారు. ఒక్కరూ కదల్లేదు. కుట్టుపాక గుమ్మంలో, మెడలో కొలతల టేపుతో నిలబడి చూసినవాళ్ళలో ఎన్యోనమ్ కూడా ఉంది. ఈ కథ ఆమెదే అయినా ఆ సంగతి దాచాల్సిన పని లేదు. పక్కవాళ్ళ మీద దెబ్బ పడుతుంటే ముందు మన పక్కన ఎవరున్నారో చూసుకోవడం, ముప్పై నాలుగేళ్ళు ఏలినవాడు ఆ దేశానికి పెట్టిపోయిన ఆస్తి అదే. ఎన్యోనమ్ కూడా పక్కకి చూసుకుంది. పక్కన దెదే ఉంది.

ఆ కుట్టుపాక లైసెన్సు దెదే పేరు మీద ఉంది. యాభై అయిదేళ్ళ మనిషి, మాట తక్కువ. రేకుల కప్పు కింద అయిదు తొక్కుడు మిషన్లు, అయిదుగురు ఆడవాళ్ళు. ఎవరి మిషను వాళ్ళది. దెదే మేనల్లుడు జవాన్లలో పనిచేస్తాడు. అంతే ఆమె మీదున్న అనుమానం. ఆమె ఎవరినైనా పట్టించిందని చూసినవాళ్ళు లేరు. అయినా ఆమె లోపలికొస్తే మాటలు ఆగిపోయి మిషన్ల చప్పుడే మిగిలేది. ఆమెకూ ఆ సంగతి తెలుసు. అందుకే గుమ్మంలో గొంతు సవరించుకుని మరీ లోపలికి అడుగుపెట్టేది.

జీపు వెళ్ళిపోయాక అవ్వను ఇద్దరూ కలిసి మోసుకొచ్చారు. పాదం మీద తడిగుడ్డ వేస్తూ ఎన్యోనమ్ పళ్ళు నూరింది. పళ్ళు నూరడం వరకే. పైకి మాట రాలేదు. దెదే వింటోంది కదా.

*

ఆ దేశపు చట్టంలో ఒక పేజీ ఉండేది. అధ్యక్షుడు చనిపోతే కుర్చీ సభాపతికి దక్కుతుంది, అరవై రోజుల్లో ఎన్నికలు జరుగుతాయి అని. పెద్దాయన పోయిన మర్నాటికి సభాపతికి ఒంట్లో బాగోలేదు, చట్టంలో ఆ పేజీ లేదు, కుర్చీలో పెద్దాయన కొడుకు కూర్చుని ఉన్నాడు. బజారు అతనికి ఆ రోజే చిన్నాయన అని పేరు పెట్టింది. అప్పటికప్పుడు ఏదో ఒకటి చెయ్యకపోతే దేశం అల్లకల్లోలమయ్యేదనీ, అందుకే పెద్దలంతా తొందరపడాల్సి వచ్చిందనీ రేడియో గంటకోసారి చెప్పింది.

గంటకోసారి చెప్పేసరికే జనానికి నమ్మకం తగ్గింది. అసలు ఎప్పుడు పోయాడు? కొత్త సంవత్సరం ప్రసంగం ఈసారి టీవీలో రాలేదు. పాత ఫొటో పెట్టి గొంతు మాత్రం వినిపించారు. అది ఈ ఏడాది గొంతా, పోయిన ఏడాది గొంతా? ఇలాంటివి అడగాలనుకున్నవాళ్ళు చుట్టూ చూసి ఎండ గురించి మాట్లాడుకున్నారు.

అయిదో రోజున ఫిదెలియా మదాం లారీతో వచ్చింది. పార్టీ మహిళా విభాగానికి అధ్యక్షురాలు, బజారులో సగం గుడ్డల కొట్లు ఆమెవే. లారీలో కొత్త గుడ్డల బేళ్ళు ఉన్నాయి. ఒక బేలు విప్పించి గుడ్డ తన భుజం మీద వేసుకుని చూపించింది. నీలం మీద పసుపు. ఎడమపక్క గుండ్రంలో పెద్దాయన, కుడిపక్క గుండ్రంలో చిన్నాయన. కింద పెద్ద అక్షరాలు: తండ్రి బాటలో మన కొత్త అధ్యక్షుడు.

"అంత్యక్రియలు వచ్చే ఆదివారం కాక పై ఆదివారం. బజారు ఆడవాళ్ళంతా ఈ గుడ్డ కట్టుకుని దారి పక్కన నిలబడాలి. తొమ్మిదివందల జతలు. మీ వరస పాకలన్నీ పంచుకోండి," అంది మదాం.

"కూలి ఎంతిస్తారు మదాం?" అని అడిగింది సెనామె. పాకలో అందరికంటే చిన్నది, ఇరవై నాలుగేళ్ళు. విశ్వవిద్యాలయం మూతపడేదాకా అక్కడ చదివింది.

"చచ్చినవాడి బట్టకి కూలి అడుగుతావా? మీ అమ్మ నీకు నేర్పిన బుద్ధి ఇదేనా? ఎవరు కుట్టారో, ఎవరు కుట్టలేదో లైసెన్సులు తిరగరాసేటప్పుడు చూస్తాం. అంతే."

సెనామె నోరు మూసుకుంది కానీ ఊరుకోలేదు. గుడ్డ తడిమి చూస్తూ, "అయినా ఎంత తొందరగా అచ్చేశారు మదాం! అయిదు రోజులు కూడా కాలేదే," అంది అమాయకంగా.

"దేశం మీద ప్రేమ ఉంటే మూడు రోజులు చాలు," అంది మదాం గర్వంగా.

ఆ మాటకి ఎన్యోనమ్ తలెత్తి చూసింది.

*

కుట్టుపనికి రాకముందు ఎన్యోనమ్ తొమ్మిదేళ్ళు ఉత్తరాన గుడ్డల మిల్లులో పనిచేసింది. అచ్చయిన గుడ్డను మందునీళ్ళలో కడిగే విభాగం. ఆ నీళ్ళు తిన్న మచ్చలు ఇప్పటికీ మోచేతుల దాకా ఉన్నాయి. గుడ్డ ఎలా పుడుతుందో ఆమెకు తెలుసు. బొమ్మ గీయాలి, రంగుకో రోలరు చెక్కాలి, దానికే మూడు వారాలు. ఆపైన అచ్చు, ఉడకబెట్టడం, కడగడం, ఆరబెట్టడం, మడత, బేలు. మేనేజరు నెత్తిన కూర్చున్నా నలభై రోజులకు తక్కువ పట్టదు.

మదాం వెళ్ళాక గుడ్డ అంచును వేళ్ళ మధ్య లాగి చూసింది. కుట్టేవాళ్ళు కత్తిరించి మూల పారేసే వేలెడు వెడల్పు అంచు. దాని మీద మిల్లు పేరు, రంగుల చుక్కలు, చివర చీమంత రెండంకెలు ఉంటాయి. అచ్చయిన వారం ఏడాదిలో ఎన్నోదో ఆ అంకెలు చెబుతాయి. బయటివాళ్ళకు వాటితో పని లేదు. గుడ్డలో లోపముంటే ఏ వారపు కూలీని తిట్టాలో తెలియడానికి మిల్లువాళ్ళు వేసుకునే గుర్తు అది.

నలభై తొమ్మిది.

ఆమె ఇంకో బేలు విప్పింది. అందులోనూ నలభై తొమ్మిదే. అంటే డిసెంబరు మొదటివారం. పెద్దాయన పోయాడని చెప్పింది ఫిబ్రవరిలో. రోలర్లు చెక్కిన రోజులు కూడా కలుపుకుంటే నవంబరు. పెద్దాయన పక్క జిల్లాలో బియ్యం బస్తాలు పంచుతూ టీవీలో నవ్వుతున్న రోజుల్లో, ఇక్కడ మిల్లులో కొడుకు ముఖం కింద "కొత్త అధ్యక్షుడు" అని చెక్కుతున్నారన్నమాట.

ఎన్యోనమ్ సెనామెను పిలిచి చెప్పింది. పక్క పాకల్లో నమ్మకమున్న ముగ్గురికి చెప్పింది. వాళ్ళలో ఒక్కరూ నమ్మలేదు.

"మిల్లులోంచి గెంటేశారని నీకు కసి అక్కా. ఏ అంకె చూసినా నీకు కుట్రే కనపడతది."

"రెండంకెలకే రాజ్యం కూలిపోద్దా?"

"ఒకవేళ నిజమే అనుకో, ముసలాయన నవంబరులోనే సచ్చాడంటావా? మంచులో పెట్టారా ఏంది, చేపల్లాగా?"

"కాదే, ఈళ్ళే చంపి ఉంటారు. కొడుకే..."

"ష్!"

దెదే గుమ్మంలో గొంతు సవరించుకుంది. అందరూ సూదుల్లో దారాలు ఎక్కించుకోవడం మొదలుపెట్టారు. ఆమె ఎంతసేపటి నుంచి అక్కడుందో ఎవరికీ తెలియదు. తన మిషను ముందు కూర్చుని ఆమె కూడా ఒక గుడ్డ తీసింది. అంచును వేళ్ళతో తడిమింది. ఎన్యోనమ్ కళ్ళు దించుకుని మిషను తొక్కింది.

*

రెండు రోజులకు మదాం మనుషులు గోనెసంచులతో వచ్చారు. కొత్త ఆజ్ఞ: అధ్యక్షుల వారి గుడ్డ అంచులన్నీ కత్తిరించగానే సంచుల్లో వేసి అప్పగించాలి. ఒక్క పీలిక కూడా పాకలో ఉండకూడదు. ఉంటే పాకకి సీలు, మనిషికి జైలు.

"చెత్త ఎందుకు బాబూ మీకు?" అని అడిగింది పక్క పాక ముసలమ్మ.

"అది చెత్త కాదు, పవిత్ర వస్త్రం. కాళ్ళ కింద పడకూడదు," అన్నాడు వచ్చినవాడు. వాడికి కూడా కారణం తెలియదని ముఖం చూస్తేనే అర్థమైంది.

పవిత్రమైన అంచట! బజారు ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ఇన్నేళ్ళలో పెద్దాయన ముఖాలతో ఎన్ని గుడ్డలు కుట్టలేదు? పుట్టినరోజుకొకటి, పార్టీ పండగకొకటి. ఆ అంచులతో మేకల్ని కట్టేశారు, పొయ్యిలు రాజేశారు. ఏ రోజూ ఎవడూ అడగలేదు. ఎన్యోనమ్ చెబితే నమ్మనివాళ్ళందరినీ ఆ ఆజ్ఞ ఒక్క పూటలో నమ్మించింది. ఆ సాయంత్రానికి బజారులో నలభై తొమ్మిది అనే మాట తెలియని ఆడది లేదు.

దాంతోపాటు ఇంకో ప్రశ్న కూడా పాక పాకకీ పాకింది. అంకెల సంగతి మదాంకి చేర్చిందెవరు?

అందరి కళ్ళూ ఒకే మిషను మీదికి తిరిగాయి. మర్నాడు దెదే ముందు ఎవరూ అన్నం గిన్నె పెట్టలేదు. "దారం అందుకో" అని ఒక్కరూ అడగలేదు. ఎన్యోనమ్ ఇదంతా చూస్తూ కూర్చుంది. ఆమెకు మిల్లు గుర్తొచ్చింది. అక్కడ కూడా సరిగ్గా ఇలాగే మొదలైంది. ఇలాగే మొదలై నలభై మూడుమంది బతుకులు వీధిన పడ్డాయి.

సంతాప దినాలు కాబట్టి అయిదుగురికి మించి గుమికూడకూడదని చాటింపు వేశారు. కానీ అంత్యక్రియలకు ముందు ఆడవాళ్ళు జడలు అల్లుకోవడం ఆనవాయితీ, వద్దని ఏ కెప్టెనూ అనలేడు. ఆదివారం మధ్యాహ్నం అకూ అవ్వ పెరట్లో అరవైమంది చేరారు. మెట్లు మెట్లుగా కూర్చున్నారు, ఒకరి తల ఇంకొకరి ఒళ్ళో. గోడ మీంచి తొంగిచూసిన జవానుకి దువ్వెనలు, నూనెసీసాలు కనిపించాయి. చూసి వెళ్ళిపోయాడు.

దెదే కూడా వచ్చింది. ఆమె తల ఒళ్ళో పెట్టుకోవడానికి ఎవరూ జరగలేదు. ఎన్యోనమ్ తన మోకాళ్ళ మధ్య చోటు చూపించింది. దెదే వచ్చి కూర్చుంది.

పాయలు తీస్తూ ఎన్యోనమ్ అందరికీ వినపడేటట్టు మొదలుపెట్టింది.

"మా మిల్లులో సమ్మె చేశాం. నలభై మూడుమందిమి. చేతులు కాలిపోతున్నాయి, తొడుగులియ్యండి, అంతే అడిగాం. మేనేజరు కొట్టలేదు, తిట్టలేదు. ఒక్కొక్కరినే గదిలోకి పిలిచాడు. మిగతావాళ్ళంతా తప్పయిందని సంతకం పెట్టేశారు, నువ్వొక్కదానివే మిగిలావు అన్నాడు. నేను నమ్మాను. పెట్టాను. బయటికొచ్చాక లెక్క తేలింది, అందరికీ అదే మాట చెప్పాడని. మొదటామె పెట్టినప్పుడు ఒక్క సంతకం కూడా లేదు. ఆనక అందరినీ గెంటేశాడనుకోండి. నా చేతుల పుళ్ళు ఎప్పుడో మానిపోయాయి. ఆ సంతకం మాత్రం ఇంకా మండుతానే ఉంది."

పెరట్లో దువ్వెనలు ఆగాయి.

"మదాంకి చెప్పింది నేనే," అంది దెదే. తల ఎన్యోనమ్ ఒళ్ళో ఉంది కాబట్టి ఆమె ఎవరి ముఖమూ చూడక్కర్లేకపోయింది. "మా మేనల్లుడు కాదు. నేనే. లైసెన్సు రాయరేమోనని భయమేసింది. అంచు మీద ఏదో ఉందంట మదాం, ఆడాళ్ళు గుసగుసలాడుతున్నారు అని చెప్పా. నీ పేరు చెప్పలా ఎన్యోనమ్. చెప్పేదాన్నేమో. ఆమె అడగలా."

"చూశారా! నేను ముందే చెప్పలా?" సెనామె లేచి నిలబడింది. "లేవదీసి బయటికి నెట్టండి దాన్ని!"

"ముసలి కుక్క!"

"పాక గుమ్మం ఎక్కనియ్యద్దు!"

ఎన్యోనమ్ చేతులు దెదే జడ వదల్లేదు. "నెట్టండి," అంది. "నెట్టాక రేపు ఎవరిని నెడతారు? ఎల్లుండి ఎవరిని? మనం అరవైమందిమి. ఒక్కొక్కరినే నెట్టుకుంటా పోతే మదాంకి పనే ఉండదు, ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చుంటది. ఈమె భయపడి చెప్పింది. అవ్వ కాలు కాలినరోజు మీరు కదిలారా? నేను కదిలానా?"

అంతలో గోడకానుకుని కూర్చున్న అకూ అవ్వ గుర్రుమంది. ఆమె నవ్వుతోందో కోప్పడుతోందో చెప్పడం కష్టం.

"అది చెప్పబట్టే గదే మీకు నమ్మకం కుదిరింది? అది చెప్పకపోతే ఆళ్ళు అంచులు అడిగేవాళ్ళా? అడక్కపోతే ఎన్యోనమ్ మాట మీరు నమ్మేవాళ్ళా? తిట్టడం ఆపి తల అల్లండి."

ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు పెరడంతా తిరిగింది. దెదే మాత్రం నవ్వలేదు, ఎన్యోనమ్ మోకాలికి ముఖం ఆనించి ఏడ్చింది.

"ఇప్పుడేం చేద్దాం? కుట్టకుండా మానేద్దామా?" అని అడిగింది సెనామె, ఇంకా కోపంగానే.

"మానేస్తే ఇంకో బజారులో కుట్టిస్తారు," అంది ఎన్యోనమ్. "కుడదాం. కట్టుకుందాం. నిలబడదాం. ఆ రోజు బయటిదేశాల కెమెరాలు వస్తాయంట. ఆ అంకె వాటికి కనపడాలి. ఎట్టాగో నాకు తోచటంలా."

అకూ అవ్వ కాలిన పాదం మీద ఈగలు తోలుకుంటూ అంది: "చావుకి తలకి పీలిక కడతాం గదా. ఏ పీలిక కట్టాలో చట్టముందా?"

*

శుక్రవారం మదాం మనుషులు సంచులు తీసుకెళ్ళారు. ప్రతి పాకలోనూ ఏళ్ళ తరబడి పోగుపడిన పాత గుడ్డల అంచులుంటాయి. సంచుల నిండా అవే కుక్కారు. ఉండ చుట్టి కుక్కితే ఏ అంచైనా ఒకటే. పైన మాత్రం నాలుగు నీలం పసుపు పీలికలు కనపడేటట్టు పెట్టారు. సంచి అడుగు దాకా చెయ్యి పెట్టి చూసే ఓపిక దొరతనానికి ఎక్కడుంటుంది?

ఆదివారం ఊరేగింపు దారిలో అదోబో బజారు ఆడవాళ్ళు తొమ్మిదివందల మంది నాలుగు వరసల్లో నిలబడ్డారు. ఒంటి మీద తండ్రీకొడుకులు. నుదుటి మీద, జవాన్లు దూరం నుంచి చూసి మెచ్చుకున్న చావుపీలిక. కట్టేది మామూలే. అయినవాళ్ళు పోతే ఆడవాళ్ళు నుదుటికి పీలిక కడతారు. శవం మట్టిలోకి వెళ్ళాక ఇంటి పెద్దామె విప్పుతుంది. ఈలోగా దాన్ని ముట్టుకునేవాడు ఆ గడ్డ మీద పుట్టలేదు.

ముందు ఫిరంగి బండి మీద శవపేటికలో పెద్దాయన వెళ్ళాడు. "ఏడవండి!" అని కేకేసింది మదాం. ఏడవలేదు. వెనకాల తెరచిన కారులో చిన్నాయన వచ్చాడు. "పాడండి!" అంది మదాం. పాడలేదు. తొమ్మిదివందల మంది ఆడవాళ్ళు నోరు విప్పకుండా, తలలు కొంచెం ముందుకు వంచి అతన్ని చూశారు. నుదుటి మీద అంచు, అంచు చివర చుట్టూ ఎర్రదారంతో కుట్టి ఎత్తి చూపిన రెండంకెలు.

ఒక విదేశీ విలేకరి కెమెరావాణ్ణి లాక్కుంటూ దగ్గరికొచ్చాడు. ఆ అంకె ఏంటని అడిగాడు.

"గుడ్డ అచ్చేసిన వారం," అంది మొదటి వరసలో చేపలమ్మే ఆమె.

"అంటే?"

"డిసెంబరు మొదటి వారం. ముఖం చూడు, కింద రాసింది చదువు. నీకు లెక్కలొచ్చు గదా."

విలేకరి చదివాడు. ఇంకొకామెను అడిగాడు. ఆమె కూడా అదే చెప్పింది. కారులో కూర్చున్న చిన్నాయన పక్కవాడి వైపు వంగి ఏదో అడగడం జనమంతా చూశారు. కారు వేగం పెరిగింది.

జవాన్ల కెప్టెన్ పరుగున వచ్చాడు. "పీలికలు తియ్యండి! అందరూ!"

"చావు పీలిక మగాడు తియ్యమంటే తియ్యరు నాయనా," అంది దెదే. ఆమె మొదటి వరసలోనే ఉంది. "మట్టి పడకముందు తియ్యరు. మీ అమ్మ నీకు చెప్పలా?"

"ఎవరు తియ్యాలి మరి?"

"మా పెద్దామె. అదిగో, ఆ కాలు కాలినామె. మీవాళ్ళే కాల్చారు. పోయి అడుగు."

కెప్టెన్ అటు తిరిగాడు. అకూ అవ్వ కర్ర ఊతంతో నిలబడి, వంకర మూతితో అతన్ని చూస్తోంది. కెమెరాలు ఆమె వైపు తిరిగాయి. అతని చెయ్యి సగం లేచి ఆగిపోయింది.

కెమెరాలను అక్కడి నుంచి తరిమేయడానికి పావుగంట పట్టింది. తర్వాత లాఠీలు పడ్డాయి. వరసలు చెదిరాయి, మళ్ళీ చేరాయి, మళ్ళీ చెదిరాయి. పదకొండుమందిని లారీ ఎక్కించారు. అందులో ఎన్యోనమ్ ఉంది, సెనామె ఉంది, దెదే ఉంది. ఈసారి చూస్తూ నిలబడినవాళ్ళు లేరు. మిగతావాళ్ళంతా లారీ వెంట బారికేడ్ల దాకా అరుస్తూ పరుగెత్తారు.

*

పదకొండుమందినీ పదకొండు గదుల్లో పెట్టారు. నాలుగో రోజున కెప్టెన్ ఎన్యోనమ్ ముందు ఒక కాగితం పెట్టాడు. అంకె సంగతి తానే కల్పించినట్టు, మిల్లు మీద కసితో బజారును రెచ్చగొట్టినట్టు, క్షమించమని వేడుకుంటున్నట్టు అందులో ఉంది.

"పెట్టు, ఇంటికి పో. మిగతా పదిమందీ పెట్టేశారు. నువ్వొక్కదానివే మిగిలావు."

మాట కూడా మారలేదు. మిల్లు మేనేజరు దగ్గర నేర్చుకున్నాడా, లేక వీళ్ళందరికీ ఒకచోటే నేర్పుతారా?

"నీ దెదే అందరికంటే ముందు పెట్టింది," అన్నాడు కెప్టెన్. "నిన్నే ఇంటికెళ్ళింది. మాకు మొదట చెప్పింది కూడా ఆమేనని తెలుసుగా?"

తెలుసు. అదే కష్టం. దెదే ఒకసారి భయపడింది, ఇంకోసారి భయపడి ఉండొచ్చు. ఈ నాలుగు రోజుల్లో గోడ అవతలి నుంచి వినపడిన కేకల్లో దెదే గొంతు ఉందో లేదో ఆమె తేల్చుకోలేకపోయింది. కెప్టెన్ అబద్ధమాడుతున్నాడని రుజువు లేదు. దెదే నిలబడిందని రుజువు లేదు. ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చిన ఆ మనిషి జుట్టు నూనె వాసన గుర్తొచ్చింది.

"ఆమె పెట్టిందో లేదో నాకు తెలవదు," అంది చివరికి. "పెట్టిందనే అనుకుందాం. పదిమందీ పెట్టారనే అనుకుందాం. నేను పెట్టను. ఒకసారి పెట్టి చూశా."

కెప్టెన్ కొట్టాడు. ఆమె పెట్టలేదు.

గోడల బయట ఏం జరుగుతోందో ఆమెకు తెలియదు. విదేశీ రేడియోలో నలభై తొమ్మిదో వారం గురించి చెప్పారు. మిల్లు కూలీలు అవునన్నారు, ఆ గుడ్డ మేమే కడిగామన్నారు. ఓడరేవు హమాలీలు నుదుటికి పీలికలు కట్టుకుని సరుకు దించడం మానేశారు. మోటారుసైకిల్ టాక్సీలవాళ్ళు హ్యాండిళ్ళకు కట్టారు. విద్యార్థులు మూతపడిన విశ్వవిద్యాలయం గేటుకి కట్టారు. రేవు దగ్గర కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. వాళ్ళ అంత్యక్రియలకు ఏడవమని ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

పదిహేడో రోజున చిన్నాయన కుర్చీ దిగాడు. చట్టంలో పోయిన పేజీ మళ్ళీ దొరికింది. అరవై రోజుల్లో ఎన్నికలు, అందులో తానూ నిలబడతానని రేడియోలో ప్రకటించాడు. పదకొండుమందినీ వదిలేశారు.

గేటు ముందు దెదే కనిపించింది. ఆమె కుడిచేతి వేళ్ళు నాలుగూ కట్టుకట్టి ఉన్నాయి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"నువ్వు సంతకం పెట్టావని చెప్పాడు నాతో," అంది ఎన్యోనమ్.

"నువ్వే ముందు పెట్టావని నాతో చెప్పాడు."

"నమ్మావా అక్కా?"

"సగం నమ్మా. నువ్వు?"

"ముప్పావు నమ్మా."

దెదే నవ్వబోయి, చెయ్యి కదిలి, అబ్బా అంది. "నా వేళ్ళు విరిచాక సంతకం ఎట్టా పెట్టించుకుంటాడు, తెలివితక్కువ సన్నాసి? ఎడమచేతి వేలిముద్ర అడిగాడు. పిడికిలి విప్పలా."

పదకొండు కాగితాల్లో ఒక్కదాని మీద కూడా సంతకం లేదని వాళ్ళకు అప్పుడు తెలిసింది. ఎన్యోనమ్ రోడ్డు మీదే నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లలాగా ఏడ్చింది.

*

ఎన్నికలు ఇంకా నలభై అయిదు రోజులున్నాయనగా లారీ మళ్ళీ అదోబో బజారులోకి వచ్చింది. ఈసారి మదాం దిగలేదు, వెనకాల వచ్చిన కారులోనే అద్దం ఎత్తుకుని కూర్చుంది. డ్రైవరు పక్కవాడు బేలు విప్పి కేకేశాడు. ఎన్నికల గుడ్డ, ఈసారి కూలి రొక్కం, ముందే ఇస్తాం అన్నాడు.

సెనామె ఒక గుడ్డ లాగింది. దెదే ఎడమచేత్తో దాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమింది. రెండువైపులా తడిమింది.

"అంచు ఏది?"

"ఆఁ?"

"గుడ్డకి అంచుంటది నాయనా. రెండు పక్కలా కోసేశారు. ఏది?"

"నాకేం తెలుసు? మిల్లు నుంచే అట్టా వచ్చింది."

"ఎవరు కోయించారు?"

వాడు కారు వైపు చూశాడు. అద్దం దిగలేదు.

ఎన్యోనమ్ తన మిషను మీద కప్పే గుడ్డ తీసి కప్పింది. చప్పుడైనా రాని ఆ పనిని వరసలో ఉన్న పాకలన్నీ చూశాయి. పక్క పాకలో ముసలమ్మ కప్పింది. ఎదురు పాకలో ముగ్గురూ కప్పారు. దర్జీలు కానివాళ్ళు, చేపలామె, ఉప్పు కొట్టు ఆమె, అకూ అవ్వ, వచ్చి గుమ్మాల్లో నిలబడ్డారు.

"అంచు లేని గుడ్డ మేం కుట్టం," అంది ఎన్యోనమ్. "మిల్లుకే తీసుకుపో. ఏ వారం అచ్చేశారో రాసి పంపమను. రాసి పంపినా కుట్టం, అది వేరే సంగతి."

"మదాంకి ఏం చెప్పమంటారు?" అన్నాడు వాడు, గొంతు తగ్గించి.

"నువ్వు చూసిందే చెప్పు," అంది దెదే.

సందు ఇరుకు, లారీ వెనక్కి తిరగడానికి చోటు లేదు. బజారంతా దాటుకుని అవతలి గేటు నుంచే పోవాలి. అది ప్రతి పాక ముందూ, ప్రతి కొట్టు ముందూ ఆగి ఆగి కదిలింది. డ్రైవరు పక్కవాడు ప్రతిచోటా ఆశగా దిగి చూశాడు. ఒక్కచోట కూడా బేలు దించుకోవడానికి ఎవరూ చెయ్యి చాపలేదు.